మిరప కళ్ళంలో రొట్టె

మా ఇంటికి ఇప్పుడు రోజూ భోజనం వేళకు ఒక పిల్ల వస్తుంది. ఏ దేశపు పిల్లో నాకు తెలియదు, పేరూ తెలియదు. గుండ్రటి ముఖం, నుదుటి మీదికి కత్తిరించిన జుట్టు. ఎదురుగా పెద్ద గిన్నె నిండా నూడిల్స్ పెట్టుకుని జుర్రుమని చప్పుడు చేస్తూ తింటుంది. మాటా పలుకూ ఉండదు, తినడమే పని. ఆ పిల్ల ఉండేది మా స్పందన ఫోన్లో. స్పందన మా తమ్ముడి మనవరాలు. రూపనగుడిలో పదో తరగతి అయ్యాక పి.యు.సి. చదవడానికి బళ్ళారి వచ్చి, బ్రూస్‌పేటలో మా ఇంట్లో ఉంటోంది. ఫోన్‌ను నీళ్ళచెంబుకు ఆనించి నిలబెట్టి, అందులోని పిల్ల మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాకే ఇది రొట్టె తుంచుతుంది. ఆ పిల్ల ఆగితే ఇదీ ఆగుతుంది. కరెంటు పోయి ఇంటర్నెట్ ఆగిపోయిన రోజు మా స్పందన పళ్ళెం ముందు దిక్కులు చూస్తూ కూర్చుంటుంది.

అలాగని బయట దాని తిండికి లోటేమీ లేదు. కాలేజీ వదలగానే ఆ పిల్లల గుంపంతా ఏదో ఒక బండి చుట్టూ మూగుతారు. గోబీ మంచూరియా, పానీపూరీ, ఈమధ్య కొత్తగా మోమోలు. గుంపులో ఒకమ్మాయి లావయ్యానని రాత్రిపూట అన్నం మానేస్తే, ఆ వారమంతా మా ఇంట్లో రాత్రి అన్నం మిగిలిపోతుంది. ఇంకొకమ్మాయి మిరపకాయ బజ్జీలు వరుసగా తినగలనని పందెం కాస్తే, మరునాడు ఇంట్లో ఇది కడుపు పట్టుకుని పడుకుంటుంది. "యాల తింటివే అన్ని?" అంటే, "అందరూ తింటాండ్రి కదవ్వా" అంటుంది. ఈ జవాబు నాకు చాలా పాత చుట్టం. అందుకే దాన్ని గట్టిగా కోప్పడలేను.

మొన్న ఆదివారం స్పందన వాళ్ళమ్మ సునంద ఊరినుంచి వచ్చింది. మా తమ్ముడి కోడలు, నన్ను అత్తా అంటుంది. ఏడాది కారప్పొడికని మా పొలంలో పండిన మిరపకాయలు ఒక సంచి నిండా మోసుకొచ్చింది. "బ్యాడిగి కాయత్తా, రంగు బో బాగుంటాది, కారం ఉండదు. నీ కడుపుకు ఇదే మంచిది" అంటూ సంచి దించి, చెప్పులు విడుస్తూనే మొదటి మాటగా "తింటాందా అత్తా అది?" అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపలే వంటింట్లోంచి జుర్రుమనే చప్పుడు వినిపించింది. సునంద వెళ్ళి చూసింది. కూతురు, పళ్ళెం, చెంబు, చెంబుకు ఆనుకున్న విదేశీ పిల్ల.

"ఇదేం తిండి అత్తా? ఎవురో తింటాంటే సూసుకుంటా తినేది! ఇంత చిక్కిపోయింది చూడు. ఇట్లయితే ఈడ వద్దు. ఊరికి పిలుసుకొని పోతా. దినామూ బస్సులో వచ్చి పోనీ. నా కండ్ల ముందర కూసోబెట్టి తినిపిస్తా."

స్పందన ముఖం ఎర్రబడింది. ఫోన్ బోర్లించి, చేతిలోని రొట్టె ముక్క పళ్ళెంలో వదిలేసింది. నాకు మాత్రం నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. "నవ్వేకి ఏముండాది అత్తా?" అని సునంద నొచ్చుకుంది. ఏమీ లేదమ్మా అని సర్దిచెప్పి, నవ్వు దాచుకోవడానికి మిరపకాయల సంచి మూతి విప్పాను. ఎండుమిరప వాసన గుప్పుమని కొట్టింది. తుమ్ముల మీద తుమ్ములు. కళ్ళల్లో నీళ్ళు. ఆ నీళ్ళలో రూపనగుడిలోని మా మిరప కళ్ళం కనిపించింది. కళ్ళంలో నేనూ, మా అమ్మా.

నేను తిండి తినని పిల్లను. ఊళ్ళో నాకదే పేరు. సరోజ అంటే ఏ సరోజ అని అడిగేవాళ్ళు, ఆ తినని పిల్ల అంటే తెలిసిపోయేది. రోగం లేదు, రొష్టు లేదు, ఎగిరి దూకి ఆడేదాన్ని. పళ్ళెం ముందు కూర్చోగానే గొంతు మూసుకుపోయేది. మా ఇంట్లో తిండికి ఒక వరుస ఉండేది. ముందు నాయన, ఆయనతో ఎవరైనా మగవాళ్ళు వస్తే వాళ్ళు, ఇంటి ముందువైపు పడసాలలో. తరువాత నేను, వంటింటి గడప దగ్గర, ఒక్కదాన్నే. తమ్ముడు అప్పటికింకా ఉయ్యాలలో ఉన్నాడు. తరువాత జేజి, అంటే నాయనమ్మ. ఆ తరువాత ఎప్పుడో, ఎక్కడో అమ్మ. నేను తినేటప్పుడు ఒకవైపు జేజి కూర్చునేది, ఇంకోవైపు అమ్మ గరిటె పట్టుకుని నిలబడేది. ఇద్దరి కళ్ళూ నా చేతి మీదే. చెయ్యి పళ్ళెంలోకి పోతే వాళ్ళ కళ్ళు పళ్ళెంలోకి, చెయ్యి నోటికి వస్తే వాళ్ళ కళ్ళు నోటికి. "తిను, తిను" అనే మాట తప్ప ఆ గడప దగ్గర వేరే మాట వినిపించేది కాదు.

జేజి చెయ్యని వైద్యం లేదు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసి దిష్టి తీసింది. కడుపులో పురుగులుంటాయని వేపాకు రసం తాగించింది. పక్కింటి పిల్లను పిలిచి నా ఎదురుగా కూర్చోబెట్టి, ఇద్దరికీ వడ్డించి, ఎవరు ముందు తింటారో చూద్దామని పోటీ పెట్టింది. ఆ పిల్ల తన పళ్ళెం ఖాళీ చేసి, నా పళ్ళెం కూడా ఖాళీ చేసి, మూతి తుడుచుకుని వెళ్ళిపోయింది. మరునాడు పిలవకుండానే వచ్చింది.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి గాని, ఆ ఏడు నాకు నవ్వులాట కాదు. ఊళ్ళో ఏడో తరగతి వరకే ఉంది. హైస్కూలుకు బళ్ళారి పోవాలి. బ్రూస్‌పేటలో మా మేనత్త ఇల్లుంది. అంతకుముందు ఒకసారి అక్కడికి పోయినప్పుడు, రెండు జడలు పైకి మడిచి రిబ్బన్లు కట్టుకుని, పుస్తకాలు గుండెకు ఆనించుకుని, రోడ్డు పొడవునా నవ్వుకుంటూ పోయే ఆడపిల్లల్ని చూశాను. వాళ్ళలో ఒకదాన్ని కాకపోతే నా బతుకు బతుకే కాదనిపించింది. నాయన చదువుకు అడ్డం చెప్పే మనిషి కాదు. ఆయన బెంగంతా నా తిండి మీదే. "ఈడ ఇద్దరు సుట్టూ కూసుంటేనే రొట్టె గొంతు దిగదు. ఆడ మా అక్కకు ఆమె పిల్లోళ్ళే గంపెడు. దీన్నెవరు సూస్తారు? ఎండాకాలం అయిపోయే లోపల నా ముందర ఒక రొట్టె పూర్తిగా తినమను, పంపిస్తా. లేకపోతే వద్దు" అని అమ్మతో తేల్చి చెప్పేశాడు. ఒక్క రొట్టె. ఆ ఒక్క రొట్టెకు ఆవలిపక్కన నా బళ్ళారి ఉంది.

ఆ సెలవుల్లో మా కళ్ళంలో మిరపకాయలు ఏరే పని నడుస్తూ ఉంది. ఎండిన కాయ కుప్పలుగా పోసి, పైన చాపల పందిరి వేసి, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని మంచికాయ ఒకవైపు, తెల్లబారిన తాలుకాయ ఒకవైపు వేరుచేసేవాళ్ళు. అప్పట్లో మేం వేసింది నాటుకాయ. రంగు తక్కువైనా ఘాటు చెప్పనలవి కాదు. తెలియక దగ్గరికి వచ్చిన కుక్క కూడా తుమ్ముకుంటూ పరుగెత్తేది. ఇంట్లో ఊరికే ఉండి జేజి ప్రాణం తీస్తున్నానని, వాళ్ళకు నీళ్ళు అందివ్వమని నాయన నన్ను కళ్ళానికి పంపాడు. మిరపకాయ మాత్రం ముట్టుకోవద్దన్నాడు.

మిరపకాయలు ఏరేవాళ్ళ చేతులు ఎలా మండుతాయో ఏరినవాళ్ళకే తెలుసు. కడిగితే పోయే మంట కాదది. మజ్జిగ పోసి రుద్దినా, ఆముదం పట్టించినా గోళ్ళ సందుల్లో ఉండిపోతుంది. ఆ చేత్తో రొట్టె తుంచి తింటే పెదవులు సాయంత్రందాకా మండుతాయి. అందుకని మా వైపు కళ్ళాల్లో ఒక పద్ధతి ఉండేది. గుంపులో ఒకరు మిరపకాయ ముట్టకుండా ఉండి, మధ్యాహ్నం అందరి రొట్టెలూ తుంచి, అందరి నోళ్ళలో పెట్టేవాళ్ళు. మా కళ్ళంలో ఆ పని చూపు ఆనని ఒక ముసలమ్మ చేసేది. ఆ ఏడు ఆమె కూతురి కాన్పుకని ఇంకో ఊరు పోయింది. మధ్యాహ్నమయింది. సద్ది కట్టుకొచ్చిన బుత్తి మూటలన్నీ విప్పారు. జొన్నరొట్టెలు, వెర్రినువ్వులతో కొట్టిన గురెళ్ళ పొడి, చితక్కొట్టిన ఉల్లిగడ్డ, పండుమిరపకాయలూ వెల్లుల్లీ కలిపి నూరిన రంజక. ఎవరి మూటలో ఏమున్నా అంతా మధ్యలోకే. అందరూ చేతులు గాలికి ఊపుకుంటూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తరువాత అందరూ నా ముఖం చూశారు.

వాళ్ళల్లో పెద్ద మనిషి హంపమ్మ. భారీ మనిషి, భారీ గొంతు. పాటైనా తిట్టైనా ఆమెతోనే మొదలు. "పాపా, నీ చేతులు బాగుండాయి కదా, పుణ్యముంటాది, రొన్ని రొట్టె తుంచి పెట్టు" అంది. అని, వెంటనే ఏదో గుర్తొచ్చినట్టు వేలు చూపించి బెదిరించింది. "పెట్టాలంతే. నువ్వు మాత్రం తినొద్దు. మా బుత్తిలోది నువ్వు తిన్నావని తెలిస్తే మీ జేజి నన్ను ఊరు దాటించి వస్తాది."

పుట్టి బుద్ధెరిగాక నన్ను తినొద్దన్న మొదటి మనిషి హంపమ్మ.

రొట్టె తుంచి, రంజక అద్ది, ఒక్కొక్కరి నోట్లో పెడుతూ కుప్ప చుట్టూ తిరిగాను. వాళ్ళు పిచ్చుక పిల్లల్లా నోళ్ళు తెరిచేవాళ్ళు. ఒకామె "నాకు ఉల్లిగడ్డ ఎక్కువ పెట్టు" అనేది, ఒకామె "దానికే రెండు తూర్లు పెడితివి" అని తగువుకొచ్చేది. నవ్వీ నవ్వీ ఒకామెకు పొలమారితే నెత్తిన తట్టి నీళ్ళు పట్టాను. నన్ను ఎవరూ చూడ్డం లేదు. అందరి చూపూ నా చేతిలోని ముక్క మీదే. మూడో చుట్టో నాలుగో చుట్టో తిరుగుతుండగా ఒక ముక్క నా నోట్లోకి పోయింది. ఎలా పోయిందో నాకే తెలియదు. రంజక మంటకు చెవులు గుయ్యిమన్నాయి, ముక్కు కారింది. ఇంకో ముక్క వేసుకున్నాను. హంపమ్మ చూసింది. "వద్దంటి కదే!" అంది. ఆ తరువాత గొంతు తగ్గించి, "సాకా? ఇంగా కావల్లా?" అని, చాలునా ఇంకా కావాలా అనే మాటను కన్నడమూ తెలుగూ కలిపి అడిగింది. ఆ రోజు ఎన్ని రొట్టెలు తిన్నానో తెలియదు గాని, సాయంత్రం ఇంటికి నడుస్తుంటే పొట్ట ముందు నడిచింది.

కొన్నాళ్ళకు నా బుగ్గలు తేరాయి. అమ్మ కనిపెట్టింది. మధ్యాహ్నం ఇంటికి రాకుండా కళ్ళంలోనే ఉంటున్నాను గనక అమ్మ నాకు క్యారియర్ కట్టివ్వడం మొదలుపెట్టింది. నిమ్మకాయ పిండి, శెనక్కాయ విత్తనాలు దండిగా వేసి కలిపిన చిత్రాన్నం. ఇప్పుడంటే అన్నం అందరికీ అలుసైపోయింది గాని, రోజూ జొన్న మీద బతికే ఆ ఆడవాళ్ళకు అది పండగ తిండి. క్యారియర్ మూత తీయగానే వాళ్ళు తినేసేవాళ్ళు, నేను వాళ్ళ రొట్టెలు తినేదాన్ని. క్యారియర్ తోమినట్టుగా ఖాళీ అయి ఇంటికి వచ్చేది. అమ్మ మూత తీసి చూసి, మళ్ళీ చూసి, మూత పెట్టేది. ఆమె ముఖంలో ఆ వెలుగు చూశాక నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు. జేజి భయం ఎలాగూ ఉంది. అమ్మ రోజురోజుకూ చిత్రాన్నానికి ఇంకా సింగారం చేసింది. ఒకరోజు కొబ్బరి, ఒకరోజు మామిడికాయ తురుము. కళ్ళంలో ఆడవాళ్ళు ఈ రోజు ఏముంటుందని నేను దారిలో ఉండగానే ఎదురొచ్చేవాళ్ళు.

ఆ సంబరంలో అమ్మ నాయనతో అనేసింది. "సరోజ ఇప్పుడు బాగా తింటాండాది. నేను కలిపిచ్చే చిత్రాన్నం ఒక్క మెతుకు మిగల్చదు." నాయన కూడా సంతోషపడ్డాడు. "అట్లయితే మంచిదే కదా. నా ముందర తినమను, అక్కకు కబురు పంపిస్తా" అన్నాడు. రొట్టె కూడా వద్దు, చిత్రాన్నమే తినమన్నాడు. నన్ను పడసాలలో పీట మీద కూర్చోబెట్టారు. ఎదురుగా నాయన, పక్కన జేజి, గరిటెతో అమ్మ. అందరి కళ్ళూ నా చేతి మీద. కళ్ళంలో ఆ ఆడవాళ్ళు లొట్టలేసిన చిత్రాన్నమే అది. ఒక ముద్ద పెట్టుకున్నాను. నమిలాను. నములుతూనే ఉన్నాను. అది గొంతు దిగలేదు. బళ్ళారి రోడ్డు మీద రిబ్బన్ల పిల్లలు ఒక్కొక్కరే నన్ను దాటి వెళ్ళిపోతున్నట్టు అనిపించి కళ్ళ నీళ్ళొచ్చాయి. నాయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "ఏమ్మే, ఇంగ బళ్ళారి మాట మరిసిపోండి" అని కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు. అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడింది.

మరునాడు పొద్దున హంపమ్మ గోనెసంచులకని ఇంటికి వచ్చింది. నాయన అరుగు మీద కాఫీ తాగుతున్నాడు, జేజి విస్తళ్ళు కుడుతోంది. ఆ మహాతల్లికి ఇంట్లో జరిగిన సంగతి ఏం తెలుసు! అమ్మను చూడగానే తన మామూలు గొంతుతో, "అమ్మా, మొన్న మామిడికాయ ఏసింటివే, ఆ చిత్రాన్నం! మా దురుగమ్మ అయితే క్యారియర్ గూడా నాకేకి చూసె. ఈ పొద్దు ఏం కలిపినావు?" అంది.

జేజికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక విస్తరాకులు పక్కకు తోసి లేచింది. "అంటే? అన్నం మీరు తింటాంటిరా? ఇదేం తింటాండె? మీ బుత్తిలో చెయ్యి పెట్టిందా మా పాప?" కూలివాళ్ళ మూటలో మా ఇంటి పిల్ల తినడమేమిటని ఆమె మండిపడింది. ఆ రోజుల్లో మా వంటి ఇళ్ళల్లో అది మామూలు మాటే, అందుకు నేనిప్పుడు సిగ్గుపడతాను. హంపమ్మ నాలుక కరుచుకుంది. నేను తలుపు వెనక్కు పోయాను. నాయన లోటా కింద పెట్టి అమ్మ వైపు చూశాడు. అందరం అమ్మ అరుస్తుందో ఏడుస్తుందో అనుకున్నాం.

అమ్మ మాత్రం హంపమ్మకు దగ్గరగా వెళ్ళింది. "బాగుండెనా?" అని అడిగింది.

"ఏంది తల్లీ?"

"మామిడికాయ ఏసింది. ఉప్పు సరిపోయిండెనా?"

హంపమ్మ బిత్తరపోయి, "కమ్మగుండెనమ్మా. నా జన్మలో తినలేదు అట్లాంటిది" అంది. అమ్మ నవ్వింది. నోరంతా తెరిచి, చిన్నపిల్ల మాదిరి నవ్వింది. ఆమె వంట బాగుందని ఆమెతో ఎవరైనా అనడం అదే మొదటిసారేమో. మా ఇంట్లో ఉప్పు తగ్గితే చెప్పేవాళ్ళుండేవాళ్ళు, సరిపోతే ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. ఆ నవ్వుతోనే నాయన వైపు తిరిగి, "కళ్ళంలో మనుషులు తక్కువుండారంటివి కదా. ఈ పొద్దు నేను పోతా తాలు ఏరేకి" అంది. జేజి వద్దన్న మాటలు ఆమె చెవి దాకా పోయినట్టు లేదు. తమ్ముణ్ణి జేజి ఒళ్ళో పెట్టి, కొంగు బిగించి, నా చెయ్యి పట్టుకుని బయలుదేరింది.

ఆ మధ్యాహ్నం నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. అమ్మ కుప్ప దగ్గర అందరితో పాటు కూర్చుని ఏరింది. అలవాటు లేని చేతులు, తొందరగానే మండాయి. బుత్తి మూటలు విప్పారు. అమ్మ తెచ్చిన క్యారియర్ కూడా మధ్యలో పెట్టారు. నేను హంపమ్మ రొట్టె తుంచి, రంజక అద్ది, వరుసగా పెడుతూ వచ్చాను. అమ్మ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. హంపమ్మ తల దించుకుంది. నేను ముక్క పట్టుకుని నిలబడ్డాను. అమ్మ మండే చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా కళ్ళల్లోకి చూసి, నోరు తెరిచింది.

ఒక ముక్క తిన్నది. ఇంకొకటి తిన్నది. కారానికి కళ్ళ నీళ్ళు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ తిన్నది. "నువ్వు గూడా ఏసుకో" అంది. ఆమెకొకటి, నాకొకటి. అప్పుడు తట్టింది నాకు. మా అమ్మ తినడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. ఆమె వడ్డించడం చూశాను, గిన్నెలు తోమడం చూశాను, ఆకలి లేదనడం విన్నాను. ఆమె చేతులు ఎంత సన్నగా ఉన్నాయో, మెడ దగ్గర ఎముకలు ఎలా తేలి ఉన్నాయో అప్పుడు చూశాను. మా ఇంట్లో తినని మనుషులు ఇద్దరున్నారు. ఒకరి పళ్ళెం వైపే అందరూ చూశారు.

సరిగ్గా ఆ సమయానికి నాయన సైకిలు దిగి పందిరి దగ్గరికి వచ్చాడు. ఆడవాళ్ళు గబగబా కొంగులు సర్దుకున్నారు. అమ్మ లేవలేదు. నోటి నిండా రొట్టె ఉంది, మాట్లాడేందుకు లేదు. నాయన వైపు చూస్తూనే నెమ్మదిగా నమిలింది. నాయన నన్ను చూసి, నా చేతిలోని రొట్టెను చూసి, "నిజంగానే తింటాందా ఇది?" అని హంపమ్మను అడిగాడు.

"బిడ్డ సంగతి ఇడ్సప్పా" అంది హంపమ్మ. "అమ్మ ఎంత తినిందో అడుగు."

నాయన పందిరి గుంజ పట్టుకుని కాసేపు అమ్మనే చూశాడు. ఆయన కూడా ఆమె తినడం చూడటం అదే మొదలని నాకిప్పుడు గట్టి నమ్మకం. వచ్చి మాతో పాటు కూర్చున్నాడని రాస్తే బాగుంటుంది గాని, కూర్చోలేదు. సైకిలు వైపు తిరుగుతూ, "అయితే బళ్ళారిలో మా అక్క ఇంట్లో గూడా నడిమింట్లో మిరపకాయల కుప్ప పోయించల్లా ఏంది?" అన్నాడు. అందరికన్నా ముందు అమ్మ నవ్వింది. పొలమారింది. నేను ఆమె నెత్తిన తట్టి నీళ్ళు పట్టాను.

మరునాటి నుంచి ఇంట్లో నా పళ్ళెం పక్కన అమ్మ పళ్ళెం కూడా వచ్చింది. గరిటె గోడకు వేలాడింది. నాయన తినకముందే ఆడమనిషి తినడమేమిటని జేజి గొణిగింది. గొణిగి గొణిగి, వానలు మొదలయ్యేసరికి తనూ పళ్ళెం పట్టుకుని మా పక్కన చేరింది. బళ్ళారికి నన్ను దింపడానికి నాయనే వచ్చాడు. బస్సు పైన నా ట్రంకు పెట్టె, దాని పక్కన నిజంగానే ఒక మిరపకాయల మూట. మేనత్త ఆ మూట చూసి తెల్లబోయింది. దాని అవసరం రాలేదు. ఆమె ఇంట్లో పిల్లలందరం ఒకే తాంబాళం చుట్టూ కూర్చుని, ఒకరి ముందున్నది ఒకరు లాక్కుని తినేవాళ్ళం. చెయ్యి పెట్టడం ఒక క్షణం ఆలస్యమైతే మిగిలేది తాంబాళమే. వాళ్ళను చూసి కాకరకాయ తినడం నేర్చాను, స్కూలు పిల్లలను చూసి ఒగ్గరణె మండక్కి అనే తాలింపు బొరుగుల్లోకి మిరపకాయ బజ్జీ నంజుకోవడం నేర్చాను. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకుని, రోడ్డు మీద నవ్వుకుంటూ నడిచాను. అమ్మ నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా ముందుగా నా పక్కన కూర్చుని ఒక రొట్టె తినేది. తరువాతే ఊరి కబుర్లు.

అందుకే సునంద మొన్న "కండ్ల ముందర కూసోబెట్టి తినిపిస్తా" అన్నప్పుడు నాకు అంత నవ్వొచ్చింది. ఆ ఫోన్‌లోని పిల్లను తిట్టబుద్ధి కాలేదు. పాపం, ఎక్కడో తన గదిలో ఒంటరిగా తింటూ మా స్పందనకు తోడు కూర్చుంటోంది. ఈ ఇంట్లో మేమేం చేస్తున్నాం? కొడుకు తొమ్మిదికే ఆఫీసుకు, కోడలు బ్యాంకుకు, నేను మాత్రలు వేసుకోవాలని పన్నెండుకే తినేస్తాను. ఇది కాలేజీ నుంచి వచ్చేసరికి మూతలు పెట్టిన గిన్నెలుంటాయి. మా అమ్మ రోజుల్లో కాపలా ఉండేది, తోడు లేదు. ఇప్పుడు కాపలా కూడా లేదు. తోడు కావలసిన పిల్ల ఎక్కడో ఒకచోట వెతుక్కుంది. "ఒక్క నెల నాకు వదిలిపెట్టమ్మా, అప్పటికీ ఇట్లే ఉంటే పిలుసుకొని పో" అని సునందను బతిమాలి బస్సెక్కించాను.

మరునాడు పన్నెండుకు తినలేదు. ముందు గదిలో పాత చీర పరిచి, సునంద తెచ్చిన సంచి కుమ్మరించి, తొడిమలు తీస్తూ కూర్చున్నాను. స్పందన వచ్చి, పళ్ళెంలో రొట్టెలు పెట్టుకుని, చెంబుకు ఫోన్ ఆనించబోయింది. "నువ్వు తిన్నావా అవ్వా?" అని మాటవరసకు అడిగింది.

"యాడ తినేదే? చేతులు సూడు, మంట. రొన్ని తుంచి పెడతావా?"

అది నన్నూ, నా చేతులనూ, ఎర్రటి కుప్పనూ చూసింది. ఫోన్‌ను పక్కన బోర్లించి, పళ్ళెం తెచ్చి నా ఎదురుగా కూర్చుంది. రొట్టె తుంచి పొడి అద్ది నా నోట్లో పెట్టింది. కాలేజీలో ఎవరో మాస్టారిని అనుకరిస్తూ నవ్వించింది. మధ్యలో ఒక ముక్క తన నోట్లో వేసుకుంది, చూసుకోకుండానే. పళ్ళెం ఖాళీ అయితే లేచి వెళ్ళి ఇంకో రెండు రొట్టెలు తెచ్చింది. నేను దాని చేతి వైపు చూడకుండా మిరపకాయల వైపే చూస్తూ కూర్చున్నాను.

చివరి రొట్టె తుంచుతూ అది నా ముందున్న కుప్పలోంచి ఒక కాయ తీసి, విరిచి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. ఎంతైనా మిరప పండించే ఇంటి పిల్ల.

"అవ్వా, ఇది బ్యాడిగి కాయ. చేతులు మండవని నాకు తెలీదా?"

నేను దొరికిపోయి ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూస్తుంటే, అది రొట్టె ముక్క నా నోటి దగ్గరికి తెచ్చి, "ఊ, ఆ అను" అంది.